లోపలి గడియ

జూన్ 3

చీమ గది తలుపుకున్న లోపలి గడియ ఊడదీశాను. స్క్రూలు తుప్పు పట్టాయి. ఒకదానికి తల అరిగిపోతే సుత్తి వాడాల్సి వచ్చింది. ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు బిగించినవాణ్ణి, సొంత ఇంట్లో దొంగలా పనిచేశాను. అదీ చీమ డ్యూటీకి వెళ్ళిన వేళ చూసి.

చీమ నా కొడుకు కూతురు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పుట్టినప్పుడు గుప్పెడు కూడా లేదని ఆ పేరు నేనే తగిలించాను. ఇప్పుడు నాకంటే పొడుగు, పేరు మాత్రం ఎదగలేదు.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. చీమకి ఒక అమ్మాయంటే ప్రాణం. స్నేహం కాదు, ప్రేమ. ఫోన్‌లో మెసేజీలు మావాడి కంటపడ్డాయి. వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. నీలాంటిదాన్ని కన్నందుకు సిగ్గుగా ఉంది అన్నాడు, మెల్లగా, భోజనం చేస్తూ. ఆ అమ్మాయిని వాళ్ళవాళ్ళు ఎక్కడికో పంపేశారట. ఫోన్ స్విచాఫ్.

నిన్న చీమ తన హెడ్‌ఫోన్సు, మంచి గొడుగు పక్కింటి పిల్లకి ఇచ్చేసింది. ఎందుకే అంటే, ఇంక నాకెందుకులే తాతా అంది. వానలు మొదలవుతుంటే గొడుగు అక్కర్లేని మనిషి ఎవరుంటారు? రాత్రే స్క్రూడ్రైవరు తీసి పెట్టుకున్నాను.

జూన్ 4

తలుపు చూసింది. కుర్చీ అడ్డం పెట్టుకుంది.

జూన్ 5, మధ్యాహ్నం

కుర్చీ కదిలితే భయం. కదలకపోతే ఇంకా భయం.

బస్సులో అంటించిన నంబరుకి ఫోన్ చేశాను. మనసు బాగోలేకపోతే పిలవండి అని ఉంది. ఒకాయన ఎత్తాడు. అంతా విని అమ్మాయి వయసెంతండీ అన్నాడు. చెప్పాను. అదేనండీ, ఈడు దాటిపోతోంది, సంబంధాలు చూడండి, అన్నీ సర్దుకుంటాయి అన్నాడు. నేను థాంక్స్ కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు.

అక్కణ్ణించి మానసిక వైద్యుడి దగ్గరికి. బోర్డు మీద డిగ్రీలు చదివేసరికి నా వంతు వచ్చింది. తీసుకురండి పెద్దాయనా, మందులిచ్చి మామూలు మనిషిని చేసేద్దాం అన్నాడు.

మా పనిలో కొందరుంటారు. తాళంచెవి తిరక్కపోతే తాళానిదే తప్పంటారు, సుత్తి అందుకుంటారు. అలాంటి ఒక మేస్త్రీ పీకిన తాళాలు సరిచేస్తూనే నేను బతికాను. ఆ డాక్టరు చేతిలో పెన్ను నాకు సుత్తిలాగే కనిపించింది. లేచి వచ్చేశాను. సందు మలుపు దాకా వచ్చాక గుర్తొచ్చింది, మొన్న సుత్తి పట్టిందెవరని.

జూన్ 7

నా తాళాల కొట్లో, చెవులు అరగదీసే ఆకురాయి పట్టుకుని కూర్చుంటే ఇద్దరు ఆడవాళ్ళు తలపుకొచ్చారు. నా పాత ఖాతాదార్లు. ఇల్లు మారినప్పుడల్లా కొత్త తాళం, ఇద్దరికీ చెరో చెవి. మీ అక్కాచెల్లెళ్ళు మళ్ళీ మారారా అని ఎన్నిసార్లు అన్నానో. నవ్వేవారు తప్ప కాదని ఒక్కసారీ అనలేదు. వాళ్ళు అక్కాచెల్లెళ్ళు కారని ఇవాళ తెలిసింది, ఈ ముసలి బుర్రకి.

కొట్టు కట్టేసి వాళ్ళింటికి వెళ్ళాను. ఇద్దరిలో ఒకావిడ, లెక్కల టీచరమ్మ, తలుపు గొలుసు తియ్యకుండా సందులోంచి చూసింది. ఆ గొలుసు నేను బిగించిందే. మా మనవరాలు కూడా మీలాంటిదేనమ్మా అన్నాను. ఆవిడ మొహం తెల్లబోయింది. ఎవరు పంపారు, మీ వెనక ఎవరున్నారు అంది. నా వెనక ఎవరూ లేరు తల్లీ, ముందు నా మోకాళ్ళే ఉన్నాయి, అవి నిలబడనంటున్నాయి అన్నాను. లోపల్నించి రెండో ఆవిడ, రానీవే, ఆయన గుమ్మంలో పడితే మన మెడకి చుట్టుకుంటుంది అంది. గొలుసు ఊడింది.

చీమ సంగతంతా విని ఒక ఫోన్ నంబరిచ్చారు. అవతల మాట్లాడేవాళ్ళు మాలాంటివాళ్ళే, మారమనరు, ఇంట్లో చెప్పరు అంది టీచరమ్మ. ఒకప్పుడు నేను ప్రాణాలతో మిగిలింది ఆ గొంతు వల్లే అంటూ రెండో ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది.

జూన్ 8, ఉదయం

ఎత్తింది ఒకమ్మాయి. మీ మనవరాలు ఇప్పుడెక్కడుంది, పక్కన ఎవరైనా ఉన్నారా అనడిగింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆవిణ్ణి ఎవరైనా అడిగారా అంది. అడిగితే లేని ఆలోచన పుట్టదా అమ్మా అన్నాను. పుట్టదు తాతగారూ, ఉన్నది బయటికొస్తుంది, చుట్టు తిప్పకుండా అడగండి అంది. ఇంట్లో మాత్రలన్నీ తాళం వెయ్యమంది.

అది నా విద్యే కదా. గడియ పీకిన సంగతి కూడా గొప్పగా చెప్పాను. ఆవిణ్ణి అడిగి తీశారా అంది.

కోడలు తన నిద్రమాత్రలు కూడా తెచ్చి నా చేతిలో పెట్టింది. నా చెయ్యి చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం

అడిగాను. చచ్చిపోవాలనిపిస్తోందా అని, చుట్టు తిప్పకుండా.

చీమ గోడకేసి చూస్తూ, అనిపిస్తోంది తాతా, రోజూ అంది. ఈ ఇంట్లో ఎవరూ చూడకుండా ఏడవడానికి ఆ గడియ ఒక్కటే ఉండేది, దాన్నీ పీకేశావు అంది.

నంబరు కలిపి ఫోన్ దాని చేతికిచ్చి గుమ్మం బయట కూర్చున్నాను. ముందు ఏమీ వినపడలేదు. ఆ నిశ్శబ్దంలో నేను ఎవరెవరికి దణ్ణం పెట్టుకున్నానో రాస్తే నవ్వుతారు. తర్వాత ఏడుపు. ఏడుపు వింటే ప్రాణం కుదుటపడటం ఇదే మొదలు.

జూన్ 9

కొత్త తాళం బిగించాను. లోపల్నించి వేసుకోవచ్చు, అవసరమైతే బయట్నించి చెవితో తియ్యొచ్చు. ఈసారి ముందే అడిగాను, చెవి ఎవరి దగ్గరుండాలని. నీ దగ్గర ఉంచు, నాన్నకివ్వకు అంది.

మావాడు వచ్చి, మళ్ళీ ఏమిటీ మరమ్మతు అన్నాడు. ఒరేయ్, నువ్వు మెల్లగా మాట్లాడితే మనుషులు చచ్చిపోయేలా ఉన్నారు, ఒకసారి అరిచి చూడు అన్నాను. అరవలేదు. మెట్ల మీద కూలబడ్డాడు. నాకూ ఒక చెవి చేస్తావా నాన్నా అన్నాడు. అది నన్ను అడగాల్సింది కాదన్నాను.

జూన్ 12

ఆ నంబరువాళ్ళు చెప్పిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చీమ లోపల ఉన్నంతసేపూ బయట బెంచీ మీద చెమటలు కక్కాను. వస్తూ నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది.

జూన్ 15, ఉదయం

అడిగాను. ఇవాళ అలా అనిపించడం లేదంది. రేపు కూడా అడగమంది.