కిటికీ ఉన్న గదికి పాట

ఫిబ్రవరి 2

మరిది ఖానాపూర్ నుంచి ఫోన్ చేశాడు. వచ్చే వారాల్లో మేం నలుగురం ఎక్కబోయే ఓడ వాళ్లు మెయిల్ పంపారట, రెండు గదులకూ విడివిడిగా. మాది నా ఫోన్‌కే వచ్చింది. "వదినా, ఇంకా మంచి రూము కావాల్నంటే పాట పాడాల్నట. అచ్చం నీ చిట్టి లెక్కనే!" అని ఒకటే నవ్వు.

తెరిచి చూశాను. నిజమే. మనం తీసుకున్న గది మనకు ఉంటుంది. అంతకంటే మంచి గది కావాలంటే పైన ఎంత ఇస్తామో మనమే చెప్పాలి. వాళ్లకు నచ్చితే ఆ గది, లేకపోతే పాతదే. బండి మీటరు లాంటి బొమ్మ ఒకటి. వేలితో జరిపి సొమ్ము పెంచితే ముల్లు ఎరుపు నుంచి పచ్చకు తిరుగుతుంది. పచ్చ అంటే గది దొరికే ఆశ ఎక్కువట. ధర రాసిపెట్టి అమ్మొచ్చు కదా... ఎందుకీ ఆట?

మాది లోపలి గది. కిటికీ ఉండదు. ఈ సంగతి ఇవాళే తెలిసింది. టికెట్లు తీసింది మరిది. బాగుంటుందన్నాడు, సరే అన్నాను. ప్రతిదీ రెండుసార్లు అడిగే నేను ఇదొక్కటి అడగలేదు.

ఫిబ్రవరి 3

ఈయన టీ తాగుతూ నా ఫోన్‌లో గది ఫొటో చూశారు. గోడకు అద్దం. అద్దానికి అటూ ఇటూ పరదాలు, కిటికీకి కట్టినట్టు.

"గా అద్దం ఎన్క ఏముంటది?"

"గోడ."

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి గ్రానైట్ యార్డుకు వెళ్లిపోయారు. గ్లాసులో టీ సగం అలాగే ఉంది.

ఫిబ్రవరి 4

ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

పోయిన వానాకాలం నడుము నొప్పికి స్కానింగ్ తీయించాం. సొరంగం లాంటి యంత్రంలోకి పంపారు. భయమేస్తే నొక్కమని చేతికిచ్చిన బంతి నొక్కీ నొక్కీ, వాళ్లు బయటికి లాగేసరికి మనిషి మనిషిలా లేడు. చొక్కా తడిసి ముద్ద. అప్పటి నుంచి లిఫ్టు ఎక్కరు. చలికాలమంతా పడకగది కిటికీ తెరిచే ఉంది, నేను రెండు దుప్పట్లు కప్పుకున్నాను. స్నానాల గదికి గడియ పెట్టుకోరు.

క్వారీలో రాయి పేలితే కన్ను కూడా ఆర్పని మనిషి. చిన్నప్పుడు తమ్ముడు పాతబావిలో పడితే చీకట్లో దిగి భుజాన వేసుకుని తెచ్చిన మనిషి. మరిది ఈ కథ ఇప్పటికీ దొరికిన ప్రతి ఒక్కరికీ చెప్తాడు. చెప్తుంటే ఈయన నేల చూస్తారు.

"తమ్మునికి తెల్వద్దు." ఆసుపత్రి మెట్లు దిగుతూ అన్న ఒకే ఒక్క మాట.

కొండగట్టు అంజన్న గుడికి పోదామన్నాను ఒకసారి. "ఆడికి ఎసోంటోళ్లను తీస్కపోతరో ఊరందరికి ఎర్కే. నాకు పిచ్చి లేసిందనుకుంటరు." మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ప్రయాణం మానుకోవచ్చు. కానీ ఒకే పందిట్లో అయిన రెండు పెళ్లిళ్లు, ఇరవై ఐదేళ్లు. సింగపూర్ దాకా పోయి ఓడ ఎక్కాలని మరిది ఎప్పటి నుంచో కలగంటున్నాడు. అన్న లేకపోతే ఎక్కడు. ఈయన రానని అనరు. అంటే ఎందుకో చెప్పాలి.

కాబట్టి కిటికీ ఉన్న గది రావాలి. ఇంకేం అక్కర్లేదు.

ఫిబ్రవరి 5

చిట్టి పాట. ఎప్పటిలా మా ఇంట్లోనే. మిరపకాయ బజ్జీలు చాలలేదు, మళ్లీ పిండి కలిపాను.

విజయ కూర్చోగానే అంది. "ఈ నెల నాకు అవసరమున్నది." అంతే. ఎవరూ నోరు తెరవలేదు. ఆమె కొంచెమే వదులుకుంది, చిట్టి ఆమెకే పోయింది. ఏం అవసరమని ఒక్కరూ అడగలేదు. మా దగ్గర అదే పద్ధతి. అవసరం అంటే చాలు, అడగకూడదు. పిల్ల పెళ్లి కావచ్చు, మొగుడి తాగుడు కావచ్చు. ఎవరి గుట్టు వారిది.

అందరూ వెళ్లాక గిన్నెలు తోముతుంటే తట్టింది. ఓడలోనూ ఇదే కదా?

ఫిబ్రవరి 6

స్వరూపకు ఫోన్ చేశాను. నా యారాలు, మరిది భార్య. మా చిట్టిలో తనూ ఉంది, ఫోన్‌లో పాడుతుంది. మెయిల్ వాళ్లకూ వచ్చింది కనుక ముందు తనకు చెప్పాలి.

"స్వరూపా, ఆ ఓడ రూముది... నాకు అవసరమున్నదే. నువ్వు పాడకు."

వెనుక వాళ్ల విత్తనాల దుకాణంలో ఎవరో పత్తి గింజల బేరం ఆడుతున్నారు.

"సరే అక్కా."

అడగలేదు. పెద్ద బరువు దిగింది. అంతలోనే ఇంకో మాట. "ఏందక్కా, ఇరవై ఐదేండ్లకు హనీమూనా? బావకు చెప్పు, ఆ ఓడల సినిమా టాకీసు గుడ ఉన్నదట, రూములనే ఉండకుండ్రి."

సిగ్గుతో ఫోన్ పెట్టేశాను. అలా అనుకుంటే అనుకోనీ. అదే మేలు.

ఫిబ్రవరి 7

పాడాను. ముల్లు పచ్చలోకి వచ్చేదాకా జరిపాను. "మీ పాట బలంగా ఉంది" అన్నట్టు ఇంగ్లీషులో ఏదో మెచ్చుకోలు. ఓటీపీ కొట్టాక కింద చిన్న అక్షరాలు కనబడ్డాయి. నేను పెట్టింది ఒక్కరికట. గదిలో ఇద్దరు. అంటే దానికి రెండింతలు.

గది ఒకటి, పాట ఒకటి, లెక్క మాత్రం తలకు! మార్చుకోవచ్చని రాసి ఉంది. ముల్లు వెనక్కి జరిపితే పసుపు. మళ్లీ ముందుకు. ఆ అద్దం వెనక గోడ గుర్తొచ్చింది. పచ్చలోనే వదిలేశాను.

ఫిబ్రవరి 9

జవాబు లేదు.

ఫిబ్రవరి 10

ఎవరెవరు పాడారో ఎక్కడా కనబడదు. చిట్టిలో ఎదురుగా ముఖాలుంటాయి. ఎవరు తెగిస్తున్నారో, ఎవరు ఉత్తినే పెంచుతున్నారో కళ్లలో తెలిసిపోతుంది. ఇక్కడ గోడతో పాడినట్టుంది. మా అవసరం ఇదని రాయడానికి గడి ఉందేమోనని మెయిల్ మొత్తం వెతికాను. లేదు.

ట్రావెల్స్ ఆఫీసుకు ఫోన్ చేశాను. "మాకు అవసరమున్నదని మిగతావాళ్లకు జర చెప్తారా?"

"మిగతావాళ్లా? ఎవరు మేడం?"

"పాడినవాళ్లు."

"వాళ్లెవరో మాకే తెల్వది మేడం. ఏ దేశమోళ్లో! చెప్తే మాత్రం ఇడుస్తరా?"

ఎందుకు విడవరు? అడగాలనిపించింది. అడగలేదు. అవతల నవ్వు ఆపుకుంటున్నట్టు తెలుస్తోంది.

ఫిబ్రవరి 12

ఫోన్ మోగితే ఈయన నా వైపు చూస్తున్నారు. పాట సంగతి చెప్పలేదు. తెలుసేమో. తెలిసీ అడగడం లేదేమో. మా ఇంట్లోనూ అదే పద్ధతి నడుస్తోందా?

ఫిబ్రవరి 14

మధ్యాహ్నం యార్డు నుంచి తొందరగా వచ్చారు. చెప్పులు గడపలో ఉన్నాయి, మనిషి లేడు. పడకగది ఖాళీ. దొడ్డి ఖాళీ. స్టోర్ రూము తలుపు మూసి ఉంది. ఎప్పుడూ తెరిచే ఉండే తలుపు.

పిలవబోయి ఆగాను. లోపల ఊపిరి వినబడుతోంది. లెక్కపెట్టుకుంటున్నారు, ఒకటి, రెండు అని, చిన్నపిల్లాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు. మధ్యలో తప్పిపోయి మళ్లీ మొదలు.

తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. ముఖం నిండా చెమట. నన్ను చూశారు.

"నూనె డబ్బ సూస్తున్న."

"గూట్లె ఉన్నది" అన్నాను.

తల ఊపారు. కాళ్లు కడుక్కున్నారు. అన్నం పెట్టాను. పప్పు బాగుందన్నారు. ఇవాళ పప్పు చేయలేదు, చిక్కుడుకాయ కూర.

ఫిబ్రవరి 16

ఉదయం మెయిల్. క్షమించాలట, ఈసారి మా పాట కుదరలేదట. పచ్చలో ఉన్న పాట!

సాయంత్రం స్వరూప ఫోన్. గొంతు అదోలా ఉంది.

"అక్కా, నువ్వు తిట్టద్దు. మాకు బాల్కనీ రూము అచ్చింది."

పొయ్యి మంట తగ్గించాను.

"నేను పాడలే అక్కా. దేవునిమీద ఒట్టు. ఆయన పాడిండు. ఎర్రలనే పెట్టిండట, ఊకెనే సూద్దామని. నేను వద్దన్న. ఎందుకొద్దు అన్నడు. నాకు తెలిస్తెనే గద చెప్పేది? నువ్వు చెప్పకపోతివి, నేను అడగకపోతి... సప్పుడు జెయ్యక ఊకున్న."

ఎర్రలో పెట్టినవాళ్లకు వచ్చింది. పచ్చలో పెట్టినవాళ్లకు రాలేదు. ఇదేం లెక్క? ఒకే ఓడ, పక్కపక్కనే తీసుకున్న గదులు. ఎంత ఆలోచించినా తేలడం లేదు.

స్వరూప మాట నమ్ముతున్నాను. నమ్ముతున్నాననే అనుకుంటున్నాను. తను పద్ధతి తప్పలేదు. నేనూ తప్పలేదు. మరి తప్పింది ఎక్కడ? సంగతి చెప్పి ఉంటే మరిది పాడేవాడు కాదు. కానీ చెప్పి ఉంటే మరిదికి తెలిసిపోయేది. ఇటు తిప్పినా, అటు తిప్పినా...

ఫిబ్రవరి 17

గదులు మార్చుకోవచ్చా అని ట్రావెల్స్ వాళ్లను అడిగాను. పేరు మీద ఇచ్చినవి, మారవట.

ఫిబ్రవరి 18

మరిది నేరుగా ఈయనకే ఫోన్ చేసి చెప్పాడట. భోజనం దగ్గర అన్నారు. "తమ్మునికి బాల్కనీ అచ్చిందట. మంచిగైంది."

మజ్జిగ పోస్తుంటే మళ్లీ అన్నారు. "మంచిగైంది."

ఫిబ్రవరి 21

సర్దడం పూర్తి. నిద్రకు డాక్టర్ ఇచ్చిన మాత్రలు నా సంచిలో. ఈయన తన పెట్టెలో చేతి ఫ్యాను పెట్టుకున్నారు, బట్టల అడుగున, కనబడకుండా. తీసి పైన పెట్టబోయి... అడుగునే ఉంచాను.

ఫిబ్రవరి 24

ఓడ. ఇంత పెద్దదని అనుకోలేదు, మా కాలనీ మొత్తం పడుతుంది. విమానంలో కిటికీ పక్క సీటులో అద్దానికి ముఖం ఆనించి ఈయన ఎలాగో దాటించారు, ఇక్కడ లిఫ్టుల ముందు జనం. ఈయన "మోకాళ్లకు మంచిది" అని మెట్లెక్కారు. మరిది కూడా వెంటే, "అన్నను సూసి నేర్సుకోవాలె" అంటూ ఆయాసపడుతూ.

గది శుభ్రంగా ఉంది. అద్దం, పరదాలు. ఈయన పరదా ఒకసారి పక్కకు లాగి చూశారు, అక్కడేముందో తెలిసీ. తలుపు బరువైనది, వదిలితే దానంతట అదే మూసుకుంటుంది. తన చెప్పు తీసి సందులో అడ్డం పెట్టారు. గది ఊడ్చే మనిషి ఆ చెప్పు తీసి మర్యాదగా మంచం కింద పెట్టి, తలుపు వేసి పోయాడు. మళ్లీ పెట్టారు. మళ్లీ తీశాడు. మూడోసారి అతనే నవ్వి వదిలేశాడు.

ఈయన మంచం మీద కూర్చునే ఉన్నారు, ఆ సందు వైపు చూస్తూ. మాత్ర వద్దన్నారు.

ఫిబ్రవరి 25

పొద్దున్నే పైన డెక్కు మీద దొరికారు. కుర్చీలో, సముద్రం వైపు ముఖం. ఎప్పుడు పోయారో తెలియదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పొద్దుపొడుపు సూసేందుకు అచ్చిన" అన్నారు. ఇంకా రెండు రాత్రులు.

టిఫిన్ల దగ్గర మరిది పక్క బల్లవాళ్లకు బావి కథ మొదలుపెట్టాడు. వాళ్లు నాగపూర్ వాళ్లు, మరాఠీలో చెప్తున్నాడు. ఈయన ప్లేటులో ఇడ్లీని ముక్కలు చేస్తూనే ఉన్నారు.

స్వరూప నన్ను పక్కకు లాగింది. తన గది తలుపు తెరిచే కార్డు నా చేతిలో పెట్టింది.

"అక్కా, నీ అవసరమేందో నేను అడుగ. కానీ మీ తలుపుల చెప్పు సూసిన. రాత్రి, పొద్దుగాల, రెండుసార్లు." గొంతు తగ్గించింది. "గిట్ల జేద్దాం. ఆడోళ్లం మనిద్దరం నీ రూముల పండుకుందాం. అన్నదమ్ములు బాల్కనీల పండుకోనీ. మొగోళ్ల గురకకు నిద్ర పడ్తలేదని నేనే లొల్లి జేస్త. మా ఆయన అయితే ఎగిరి గంతేస్తడు. అన్నతోని ఒక్క రూముల పండుకోక ఎన్నేండ్లాయె అంటడు."

ఎంత చక్కగా ఆలోచించింది. కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత తట్టింది. గాలి దొరుకుతుంది, సముద్రం దొరుకుతుంది. కానీ పక్క మంచం మీద తమ్ముడు. తలుపు తెరిచే పడుకుంటారు, ఉలిక్కిపడి లేస్తారు, గోడ పట్టుకుని నిలబడి ఊపిరి లెక్కపెట్టుకుంటారు. అంతా చూసేది ఎవరు? ఎవరికి తెలియకూడదని ఇన్ని నెలలు మోశారో వాడే.

ఏది మంచిది? నిజంగా తెలియడం లేదు.

సాయంత్రం గదిలో కార్డు చూపించాను. స్వరూప గురక మాట చెప్పాను, అంతే చెప్పాను. కార్డు తీసుకుని తిప్పి చూశారు. అటు, ఇటు.

"తమ్ముడేమన్నడు?"

"సంబరపడ్డడు."

వంగి తలుపు సందులోని చెప్పు తీసి కాలికి వేసుకున్నారు. కార్డు జేబులో పెట్టుకున్నారు.

మరిది గదికి పోవాలంటే కుడికి తిరగాలి. డెక్కు మెట్లు ఎడమకు. ఎటు తిరిగారో చూద్దామని నేను లేచేలోపే తలుపు మూసుకుంది.