అన్నీ ఆడవే

సరస్సు గట్టు మీది పరిశోధన గది,
మార్చి 9, ఆదివారం ఉదయం

పూజ్యురాలైన అక్కయ్యకు,

నమస్కారాలు. నేను క్షేమం. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, నువ్వూ క్షేమమేననీ అనుకుంటున్నాను. పదకొండేళ్లు ఉలుకూ పలుకూ లేనిది ఇప్పుడెందుకు రాస్తోందా అని కళ్లజోడు సవరించుకుంటూ ఉంటావు. పై అధికారివై ఉండీ మొదటిరోజే అక్కయ్యా అని పిలవమన్నావు కదా, ఆ చనువుతోనే రాస్తున్నాను.

ఇక్కడ ఇప్పుడు నేనొక్కదాన్నే. జీపు డ్రైవరు పోయినేడాది రిటైరయ్యాడు, కొత్తవాళ్లెవరూ రాలేదు. వారం వారం సరస్సులో వల వేస్తాను, చిక్కిన చిట్టి రొయ్యల్ని మైక్రోస్కోపు కింద లెక్కపెడతాను, పుస్తకంలో రాస్తాను. ఆ పుస్తకం చదివేవాళ్లు లేరు. మొన్న కిటికీ రెక్కని, ఎందుకలా కొట్టుకు చస్తావని గట్టిగా కసిరాను. వినే దిక్కు లేదు కాబట్టి సిగ్గు కూడా వెయ్యలేదు. నీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదని గొప్పగా రాద్దామంటే, కూర్చుంటామని వచ్చినవాళ్లే లేరు.

సంగతికి వస్తాను. పందొమ్మిది ఉప్పు సరస్సులు తిరిగి, ఎక్కడ ఏ జాతి రొయ్య ఉందో నువ్వు పట్టిక వేశావు. మిగతా అన్నిటిలో ఆడా మగా ఉన్నాయి, మన సరస్సులో మాత్రం అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే పిల్లల్ని కంటున్నాయి, ఇది వేరే జాతి అన్నావు. రెండేళ్లకు తనిఖీకి వచ్చిన పెద్దలకు ఇవే నీళ్లలో మగవి దొరికాయి. మగవాటికి తలమీద అంతేసి కొక్కేలుంటాయే, వాటినే గుర్తుపట్టలేని మనిషి పట్టికలు వేసిందని నవ్వారు. నీ జాతిని పట్టికలోంచి తీసేశారు. నువ్వు సామాను సర్దుకుని వెళ్లిపోయావు. నేను బస్సు దాకా కూడా రాలేదు.

జనవరిలో అటక దులుపుతుంటే నీ చేతిరాత ఉన్న డబ్బా దొరికింది. మైనంతో మూసిన మూత, నువ్వు పట్టిక వేసిన ఏటి తేదీ. లోపల మన సరస్సు మట్టి, అందులో ఇసుకలా ఎండిన గుడ్లు. ఉప్పునీళ్లు తగిలితే ఏళ్ల తర్వాత కూడా లేస్తాయని నువ్వే చెప్పావు. గాజు తొట్టిలో వేసి పైన లైటు పెట్టాను. రెండోరోజుకి కదిలాయి! నాలుగువందల పన్నెండు పెరిగాయి. నీలాగే ఒక్కొక్కదాన్నీ మూడేసిసార్లు చూశాను. ఒక్క మగది లేదు. ఇప్పుడు పిల్లల్ని కూడా కన్నాయి, అవీ ఆడవే. నీ మాటే నిజం అక్కయ్యా. ఆ సంతోషంలో నీకు చెబుదామని పక్కకు తిరిగాను, నువ్వు లేవు.

పట్టికలు చూసే సంఘానికి అంతా రాసి పంపాను. తొట్టి అలాగే ఉంచాను. ఒక్కసారి వచ్చి చూసి పో. రాకపోతే నిన్నేమీ అనలేను, ఏడుస్తాను, అంతే.

నా తొందర చూసి నువ్వు పెట్టిన పేరుతో,
సుడిగాలి

తా.క.: మరి మగవి ఎలా వచ్చాయని అడుగుతావు. పట్టిక పూర్తయ్యాక ఒకసారి పక్క సరస్సు నుంచి తిరిగొచ్చాం, గుర్తుందా? వల కడిగి ఆరబెట్టావా అని అడిగావు. ఆరబెట్టానన్నాను. అసలు కడగనే లేదు. అక్కడి గుడ్లు అంటుకున్న ఆ వలనే మర్నాడు మన సరస్సులో వేశాను. పెద్దలు నవ్విన రోజే నాకు తెలిసిపోయింది. ఉద్యోగం పోతుందని నోరు మెదపలేదు. సంఘానికి రాసిన కాగితంలో మొదటి వాక్యం ఇదే. ప్రతి రొయ్యనూ మూడుసార్లు చూసేదానివి, నన్ను మాత్రం ఒక్కసారే అడిగి నమ్మావు.