ఎడమ యాళికి కళ్ళు తెరిచే హక్కు

తెనాలి కాపురస్తుడు, కీర్తిశేషులు అక్కల మౌనాచారి కుమారుడు, శిల్పి అక్కల శరభాచారి అనే నేను, గుండె బలం తగ్గినా బుద్ధిబలం తగ్గని స్థితిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా తదనంతరం అమలు కావలసిన ఈ వీలునామా రాస్తున్నాను. ముసలాడికి మతి చలించిందని నా కొడుకు కిరీటి ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. బాపట్ల డాక్టరుగారు పరీక్షించి మతికేమీ కాలేదని కాగితం రాసిచ్చారు. కోపం తగ్గించుకోమని మాత్రం నోటితో చెప్పారు. అది నా వల్ల కాదు.

1. ఈ వీలునామా అమలు బాధ్యత బాపట్లలో ఉంటున్న రిటైర్డ్ టీచరు, నా స్నేహితుడు దేవదానం గారిది. ఆయన లూథరన్ చర్చి మనిషి, మా గుళ్ళతో సంబంధం లేనివాడు. మా వాళ్ళనెవరినైనా పెడితే కిరీటి ఏడుపు ముఖం చూసి కరిగిపోతారు.

2. ఎదురింటి జగన్నాథరావు గారికి ఏమీ ఇవ్వడం లేదు. ఇన్నేళ్ళుగా నా షెడ్డుకి వచ్చి "డ్రాగన్ బాగా కుదిరిందండి" అంటున్నాడు. అది యాళి. సింహం ఒళ్ళు, ఏనుగు తొండం, బయటికి పొడుచుకొచ్చిన కోరలు, కాళ్ళ కింద నలిగిన ఏనుగు తల. చెడు అన్నది గుడిలోకి అడుగుపెట్టకుండా గుమ్మంలోనే చీల్చి చంపడానికి మేం పెట్టే కాపలా మృగం. ఆయన ఇంకోసారి డ్రాగన్ అంటే దేవదానం గారు నా తరఫున చీవాట్లు పెట్టాలి.

3. ఎడమ యాళికి తెగిన కోర నా కొడుకు కిరీటికి ఇస్తున్నాను. ఎందుకో అందరికీ తెలియాలి.

భట్టిప్రోలు దగ్గర ఒక గుడికి జంట యాళులు చెక్కాం. కుడిది నేను, ఎడమది నా కూతురు తనూజ. నిజం చెప్పాలంటే ఎడమదే బాగుంది. ఆ జంటను రామాపురం బీచ్ దగ్గర రిసార్టు గేటుకి ఇస్తానని కిరీటి నాకు తెలియకుండా ఒప్పుకున్నాడు. పిల్లలు జడుసుకుంటారు, కోరలు తీసేయమన్నారట వాళ్ళు. వీడు గ్రైండరు పెట్టి ఎడమదానికి ఒక కోర కోసేశాడు. తనూజ పరుగెత్తుకొచ్చి రెండో కోర మీద చెయ్యి వేసి, "ముందు నా చెయ్యి కొయ్యి అన్నయ్యా" అంది. వాడు గ్రైండరు పడేసి సుత్తి అందుకున్నాడు. యాళి దవడకీ సుత్తికీ మధ్య నా బిడ్డ కుడిచేతి వేళ్ళు నుజ్జయ్యాయి. పచ్చి కట్టె విరిచినట్టు చప్పుడైంది. యాళి నోట్లోంచి రక్తం కారింది. వాడు మళ్ళీ ఎత్తాడు. నేను ఆ సుత్తే లాక్కుని వాడి భుజం విరగ్గొట్టాను. తల మీద వెయ్యబోతే క్రేన్ తోలే అంద్రెయ నన్ను వాటేసుకుని ఆపాడు. ఆ దెబ్బకి నాకు విచారం లేదు.

4. ఆస్పత్రిలో అడిగితే తనూజ, "రాయి జారి పడిందండి" అంది. అన్నని జైలుకి పంపడానికి దానికి మనసు రాలేదు. ఆ మాటతో ఊరంతా అంద్రెయను ఆడిపోసుకుంది. అతను నిజం తెలిసీ నోరు మెదపలేదు. అంద్రెయ చేతిలో ఏనాడూ రాయి జారలేదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. రాళ్ళెత్తే నా చైన్ బ్లాకు, మోకులు అతనివే.

5. నా ఉలులన్నీ తనూజవి. రేపల్లెలో బట్టల కొట్టులో పని చేసుకుంటూ, ఇక ఉలి ముట్టనని ఒట్టేసుకుంది. ఒట్టు తీసి గట్టున పెట్టమ్మా. ఎడమ చేత్తో పట్టు. మొదట్లో వంకరగా వస్తుంది, రానీ. ఆ చేతికి సరిపోయేలా తోలు పట్టీ కుట్టి ఉలుల పెట్టెలో పెట్టాను. నా కుట్టు బాగుండదు, నవ్వకు. ఎడమ యాళికి కంటిపాపలు చెక్కి కళ్ళు నువ్వే తెరవాలి. ఒంటి కోరతోనే నిలబెట్టుకుంటామని గుడి పెద్దలు ఒప్పుకున్నారు.

6. ఇల్లు, షెడ్డు కిరీటికి ఒక షరతు మీద. కంటిపాప చెక్కడం మాకు ఆఖరి పని. కళ్ళు తెరిచిన యాళి మొదటి చూపు ఎవరి మీద పడితే వాళ్ళు బతకరని మా ఇంట నమ్మకం. అందుకే దాని చూపు దానికే తగిలేలా ఎదురుగా అద్దం నిలబెడతాం. మా చిన్నాన్న పంతానికి అద్దం లేకుండా ఎదురు నిలబడ్డాడు. ఆ రోజే పరంజా మీంచి పడి తల పగిలి చచ్చాడు. ఆ నెత్తురు కడిగింది నేనే. ఇదంతా ముసలి కబుర్లని కిరీటి ఎగతాళి చేస్తాడు. మంచిది. చెల్లెలు కళ్ళు తెరిచే రోజు వాడు ఎడమ యాళికి ఎదురుగా నిలబడాలి. నిలబడితే ఇల్లు, షెడ్డు వాడివి. తప్పుకుంటే సర్వహక్కులతో తనూజవి.

7. ఆ రోజు అన్నకి అడ్డంగా అద్దం నిలబెట్టాలా, వద్దా అన్నది తనూజ ఒక్కదాని ఇష్టం. దేవదానం గారు గానీ, పూజారులు గానీ, ఏ కోర్టు గానీ అందులో వేలు పెట్టకూడదు. వాడు నా కొడుకు. వాడు బతకాలనే నాకుంది. కానీ నలిగింది నా చెయ్యి కాదు. అందుకని అమ్మా, అద్దం పెట్టమని నిన్ను అడగను.

చదివించుకుని విని, సమ్మతించి చేసిన సంతకం.

తేది: 18-11-2024, తెనాలి
(సం.) అక్కల శరభాచారి

సాక్షులు:
1. కృపారాణి, నర్సు, తెనాలి
2. కిరణ్ కుమార్, ఫొటో స్టూడియో, రేపల్లె