నీళ్లలో కరిగిన మగ్గం గుండు

జూలై 3, ఆదివారం

ముందు అందరి ఆరోగ్యం. మా ఆయన మఖ్లూఫ్‌కి బీపీ తగ్గింది, మాత్ర మింగాడో దిండు కింద దాచాడో తెలియదు. దిమోనాలో అక్క ఫ్రేహాకి మోకాలు వాచింది. బాగానే ఉన్నానంటుంది కానీ గొంతు బాగాలేదు. అమ్మాయి అలీజాకి దగ్గు. నాకు షుగర్ నూట అరవై. గుండె దడ ఎప్పుడూ ఉండేదే.

రేపటి నుంచి తవ్వకాలకు వెళ్తున్నాను. మా ఊరి పక్క దిబ్బ కింద ఫిలిష్తీయుల పట్టణం ఉందట. జీతం లేదు. డెబ్బై ఏళ్ల దాన్ని రానిస్తారా అని భయపడ్డాను. అక్కడి పెద్ద, డాక్టర్ హగిత్, రమ్మంది. మఖ్లూఫ్ వెక్కిరించాడు. మూడు వేల ఏళ్లనాటి అంట్లు తోమడానికి పోతావు, ఇంట్లో గిన్నెలు నేను తోముకోవాలా అని. ఫ్రేహా అయితే దిమోనా అంతా చాటేసింది. చూడ్డానికి వస్తుందట, ఏ రోజో చెప్పమంది. ముందు నన్ను అక్కడ ఉండనివ్వాలి కదా.

జూలై 5, మంగళవారం

నా పని తవ్వకంలో దొరికిన కుండ పెంకులు కడగడం. బకెట్లో నానేసి, బ్రష్‌తో రుద్ది, ట్రేలో ఆరబెట్టాలి. ప్రతి బకెట్‌కూ ఒక ట్యాగ్ ఉంటుంది. యిస్కా అనే కాలేజీ పిల్ల రాస్తుంది. గొలుసుకట్టు రాత. నాకు అచ్చు అక్షరాలే వచ్చు, అవీ పెళ్లయ్యాక రాత్రి బడిలో నేర్చుకున్నవి. రెండుసార్లు ఆ పిల్ల చేత చదివించుకున్నాను. మూడోసారి సిగ్గేసింది.

మొరాకో నుంచి ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఈ దిబ్బ కిందే గుడారాల్లో ఉండేవాళ్లం. అమ్మ పైకెక్కి కూరకి ఖుబేజా ఆకు కోసుకొచ్చేది. మట్టీ గడ్డీ తొక్కి రొట్టెల పొయ్యి కట్టింది. మొదటి వానకే అది కరిగిపోయింది. అమ్మ ఆ బురదే చేతులతో ఎత్తి మళ్లీ కట్టింది. ఆ రొట్టె వాసన ఈరోజు ఎందుకో ముక్కుకు తగిలింది. తలెత్తి చూస్తే ఎండ, ట్రేలు, అంతే.

జూలై 7, గురువారం

తప్పు చేశాను.

ట్యాగ్ మీద ఎర్ర సిరాతో ఏదో ఉంది. అడగలేదు. బకెట్ మొత్తం నీళ్లలో కుమ్మరించాను, పప్పు నానేసినట్టు. కాసేపటికి చెయ్యి పెడితే వేళ్ల మధ్య మెత్తగా జారిపోయింది. పెంకు కాదు. మగ్గానికి పడుగు దారాలు బిగువుగా ఉండాలని కట్టే మట్టి గుండు. పచ్చిమట్టిది, కాల్చలేదు, తడపొద్దనే ఆ ఎర్ర సిరా. ఎవరి ఇంట్లోనో ఎవరి చేతిలోనో తయారై ఇన్నేళ్లు భూమిలో చెక్కుచెదరలేదు. నా బకెట్లో పావుగంట ఆగలేదు.

నీళ్లు చెట్టుకు పోశాను. ఎవరికీ చెప్పలేదు.

జూలై 8, శుక్రవారం

రేపు పని ముట్టని శబ్బాతు రోజు, దానికి వంట. కుస్కుస్ రవ్వలో ఉప్పు రెండుసార్లు పడింది.

జూలై 10, ఆదివారం

నిన్న శబ్బాతు, రాయకూడదు. కానీ రోజంతా మనసులో ఇదే.

ఈరోజు చూస్తే లెక్కల పుస్తకంలో గుండ్లు పన్నెండట, పెట్టెలో పదకొండే ఉన్నాయట. యిస్కా లెక్క తప్పు రాసిందని హగిత్ కోప్పడింది. ఆ పిల్ల అన్ని ట్రేలూ వెతికింది. నా దగ్గరికీ వచ్చింది. అమ్మమ్మా, నువ్వేమైనా చూశావా, నాకు పిచ్చెక్కిందేమో, పన్నెండు లెక్కపెట్టినట్టే గుర్తు అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను తల అడ్డంగా ఊపాను.

చెబితే పంపేస్తారు. ఫ్రేహాకి ఏమని చెప్పను? చెప్పకపోతే ఆ పిల్ల ఏమవుతుంది?

జూలై 11, సోమవారం, పొద్దున నాలుగు

బీపీ మాత్ర నేనే వేసుకున్నాను. అది ఆయనది. ఏమవుతుందో.

అదే రోజు, మధ్యాహ్నం

చెప్పేశాను. గొలుసు రాత చదవలేనని కూడా చెప్పాను, అదే ఎక్కువ కష్టమైంది. హగిత్ లెక్కల పుస్తకం తెచ్చి పన్నెండుని దిద్దింది. పోయిన గుండు ఎలాగూ రాదు, నాలుగు రోజులు దాచిపెట్టి ఈ పిల్లని ఏడిపించావు చూడు, అది తప్పు అంది. నిజమే. సంచి సర్దుకున్నాను. యిస్కా సంచి లాక్కుంది. ఎక్కడికి అమ్మమ్మా, నన్ను ఏడిపించి తప్పించుకుంటావా, రేపటి నుంచి ప్రతి ట్యాగూ నీ చెవిలో అరుస్తాను, విన్నానని నువ్వూ అరవాలి అంది. హగిత్ మాత్రం నీళ్ల దగ్గరికి వద్దంది. గోతిలో కూర్చుని బ్రష్‌తో మట్టి దులపాలట.

జూలై 13, బుధవారం

మోకాళ్లు పోయాయి. గోతిలో ఇంకో నాలుగు గుండ్లు బయటపడ్డాయి, వరసగా, మగ్గం ఎక్కడ నిలబడిందో అక్కడే. యిస్కా నెంబర్లు అరుస్తోంది. విన్నాను, విన్నాను అని అరిచి గొంతు పోయింది.

జూలై 14, గురువారం

ఫ్రేహాకి ఫోన్ చేశాను. గుండును నీళ్లలో కరిగించింది నేనేనని ముందే చెప్పాను. చాలాసేపు నవ్వింది. మిగతావి కూడా కరిగించేలోపు వస్తానంది. బుధవారం, జూలై 20.