ట్రాక్టర్ పెన్‌డ్రైవ్‌తో లేచిన గుమ్మి

అన్నా, బాగున్నావా? నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ నీకు చెప్పుకోదగ్గ మాట ఒక్కటీ లేక రాయలేదు. ఈరోజు ఉంది. నీ గుమ్మి లేచింది!

అవును, గింజల గది మూలలో నువ్వు పెట్టిన పాత కంప్యూటరే. సర్వర్ అంటే ఇంట్లో ఎవరికీ నోరు తిరగడం లేదని నువ్వే దానికి గింజలు దాచుకునే గుమ్మి పేరు పెట్టావు. భోపాల్‌పట్నం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ముసలమ్మల దగ్గర రికార్డు చేసుకొచ్చిన పెళ్ళిపాటలన్నీ అందులోనే పోశావు... వాటికి ఇంకెక్కడా నకలు లేదని మాకు నువ్వు పోయాకే తెలిసింది.

దసరాకి ఏం జరిగిందో చెబితే నవ్వుతావు. ఆయుధపూజ నాడు వదిన నాగలికి, కొడవళ్ళకి పసుపునీళ్ళు చల్లి, నీ వస్తువును మాత్రం ఎలా వదిలేస్తానని గుమ్మికి కూడా చల్లింది. వెనక గుచ్చి ఉన్న చిన్న పెన్‌డ్రైవ్ లోపలికి నీళ్ళు పోయాయి. మర్నాడు మీట నొక్కితే ఫ్యాన్ తిరిగింది కానీ తెర మీద ఏమీ రాలేదు. నీ పాటలన్నీ తానే చంపేశానని వదిన ఆ గదిలోకి వెళ్ళడమే మానేసింది. అన్నం కూడా సరిగ్గా తినేది కాదు.

నాకేమో నువ్వు మాటిమాటికీ చెప్పింది గుర్తొచ్చింది. "పాటలు డిస్కులల్ల ఉంటయి చెల్లె. ఈ పెన్‌డ్రైవ్ గుమ్మిని లేపేటందుకే." అంటే పాటలు బతికే ఉన్నాయి కదా... లేపే మనిషే కావాలి. ఆ మనిషిని నేనే ఎందుకు కాకూడదు?

ఇంతలో పోచమ్మవ్వ మనవరాలి పెళ్ళి కుదిరింది. నీకు అందరికంటే ఎక్కువ పాటలిచ్చిన అవ్వే. ఇప్పుడు ఆమెకు గొంతు పూర్తిగా పోయింది, అన్నీ సైగలే. తను పాడిన అప్పగింతల పాట మనవరాలి పెళ్ళిలో వినిపించాలని చేతులతో అడిగింది. ఎలా కాదంటాం?

గీదం వెళ్ళినప్పుడు బజారులో పెన్‌డ్రైవ్ కొన్నాను. తళతళలాడిపోతోంది, మీద రాసిన అంకె కూడా పెద్దదే. ఇంటికొచ్చి నువ్వు నేర్పిన పరీక్ష పెట్టాను. అంచుల దాకా ఫోటోలతో నింపి, మళ్ళీ ఒక్కొక్కటీ తెరిచి చూడటం... సగానికి పైగా తెరుచుకోలేదు. నకిలీ సరుకు! "కొనేటప్పుడు మెరుపు జూడకు. నిదానంగ నడిచినా మంచిదే, ఏండ్లకేండ్లు చెడకుంటే చాలు" అనేవాడివి. అంతేగా, గుమ్మి లేచేటప్పుడు చదువుకునేదానికి అంత వేగంతో పనేముంది?

ఏండ్లకేండ్లు చెడనిది ఎక్కడ దొరుకుతుందా అని అరుగు మీద కూర్చుని ఆలోచిస్తుంటే, మన వీధి లచ్చన్న ట్రాక్టర్ పాటలు మోగించుకుంటూ పోయింది. అందులో ఉన్నది నువ్వు పాటలు ఎక్కించి ఇచ్చిన పెన్‌డ్రైవే. ఇనుప తొడుగుతో బొటనవేలంత ఉంటుంది చూడు, అది. దుమ్ము, ఎండ, గతుకులు అన్నీ తట్టుకుని ఇంకా పాడుతూనే ఉంది. అంతకు మించిన పరీక్ష ఏ కంపెనీ పెడుతుంది? పాటల్ని నా ఫోన్‌లో భద్రంగా దాస్తానని మాటిచ్చాక లచ్చన్న పీకి చేతిలో పెట్టాడు. ఆ వారమంతా పాటల్లేకుండా దున్నాడు, పాపం.

నీ పరీక్షలో అది గట్టిగా నిలబడింది. గుమ్మిని లేపే ఫైలు నెట్‌లోంచి దించుకుని, పాటలు ఎక్కించినట్టే దాంట్లోకి కాపీ చేశాను. మన వైపు పెన్‌డ్రైవ్ ఉన్నదే పాటలు ఎక్కించడానికి కదా! గుమ్మి ఉలకలేదు, పలకలేదు. వదిన తలుపు దగ్గర నుంచే వెనక్కి తిరిగింది.

అప్పుడు నీ మాట చెవిలో పడ్డట్టే అయింది. "ఎక్కిస్తె లేవదు, రాయాలె." అవునన్నా... ఫైలును అలాగే పడేస్తే చాలదు, దానికోసం ఉన్న ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ మొత్తాన్నీ చెరిపి రాయాలి. దేన్ని చెరపబోతున్నానో మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. పొరపాటున నా లాప్‌టాప్‌ను ఎంచి ఉంటే అదే ఖాళీ అయిపోయేది.

రాసి, గుచ్చి, మీట నొక్కాను. ముందు దేన్ని చదవాలో గుమ్మికి చెప్పే తెరలో పెన్‌డ్రైవ్‌ను ఎంచాను. అక్షరాలు జలజలా దిగాయి! డిస్కులను కొత్తగా సిద్ధం చేయాలా, ఉన్నవాటిని ఉన్నట్టే చేర్చుకోవాలా అని అడిగింది. మొదటిది నొక్కితే నీ కష్టమంతా మట్టిపాలు. వదిన వచ్చి నా భుజం పట్టుకుంది. రెండోది నొక్కాను. నీ ఫోల్డర్లు ఊళ్ళ పేర్లతో వరసగా వచ్చేశాయి... గెలిచామన్నా! వదినా నేనూ ఆ గింజల గదిలో గంతులేశాం. ఆ రోజు వదిన రెండోసారి అన్నం పెట్టించుకుంది.

పెళ్ళి పందిట్లో మైకు పెట్టించాం. పాట కంటే ముందు నీ గొంతు వచ్చింది. "అవ్వా, ఇగ పాడు." ఆ మాట కూడా రికార్డులో ఉండిపోయిందని మాకు తెలియదు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోచమ్మవ్వ మాత్రం నువ్వు ఎదురుగా కూర్చుని అడిగినట్టే తలూపి, తన పాటకు తానే పెదవులు కదిపింది.

పాటలన్నిటికీ ఇంకో డిస్కులో నకలు తీసి పెట్టాను. లచ్చన్నకు నీ పరీక్షలో నిలిచిన ఇంకో కొత్త పెన్‌డ్రైవ్ ఇచ్చాను, అవ్వ పాట ముందుపెట్టి. వచ్చే దసరాకి వదిన గుమ్మికి పొడి కుంకుమే పెడుతుందట.

గొల్లపల్లి వైపు పాడే ముసలమ్మలు ఇంకా ఉన్నారని విన్నాను. వెళ్తున్నాను. గుమ్మిలో ఇంకా చాలా చోటుంది కదా... రికార్డర్ నొక్కగానే నీ మాటతోనే మొదలుపెడతానన్నా. అవ్వా, ఇగ పాడు.

నీ చెల్లె,
సరోజ