కౌంటర్ దగ్గర ఆగిపోయిన ఫొటో

యొన్‌పో రేవు పట్టణ కార్యాలయం, పౌర నమోదు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గుర్తింపు కార్డుకు నేనిచ్చిన ఫొటోను నిరాకరించి, అదే రోజు అదే కౌంటర్‌లో నా కవల చెల్లెలి ఫొటోను అంగీకరించుట గురించి.

ఈ రేవులో ముప్పై ఏళ్లుగా ఆల్చిప్పలు ఒలిచి బతుకుతున్న తాక్ మిసుక్ అను నేను, వయసు యాభై, మనవి చేసుకునేది:

1. నా కార్డు పనిచోట సముద్రంలో పడిపోయింది. దరఖాస్తులో కారణం "పోయినది" అని రాశాను. నా చెల్లెలు మిరాన్ సియోల్ నుండి చుసోక్ పండుగకు వచ్చి, తానూ కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టింది. ఆమె రాసిన కారణం "రూపు మారినది". అక్కడి చర్మ వైద్యశాలలో మూడేళ్లుగా లేజరు చేయించుకుంటున్నది. నిబంధనలలో అటువంటి కారణం కూడా ఉన్నదని నాకు ఆనాడే తెలిసింది.

2. ఇద్దరం ఒకే స్టూడియోలో ఫొటో దిగాము. స్టూడియో యజమాని పార్క్ గారు కంప్యూటర్‌లో నా కళ్ల కింది సంచులు, చెంపల మీది ఎండమచ్చలు, మెడ ముడతలు తుడిచేశారు. మిరాన్‌కు తుడవడానికి ఏమీ దొరకలేదు. "అక్కగారికి అరగంట, చెల్లెలిగారికి అరనిమిషం!" అని నవ్వారు. ఇరవై ఏళ్ల తరువాత మేము మళ్లీ కవలలమయ్యాము.

3. కౌంటర్‌లోని అమ్మాయి మిరాన్ ఫొటో చూసి, మొహం చూసి, ముద్ర వేసింది. నా ఫొటో చూసి, మొహం చూసి, "పిన్నిగారూ, పొరపాటున మీ చెల్లెలిగారి ఫొటో ఇచ్చారండీ," అన్నది.

"నాదేనమ్మా."

"అయితే ఇక్కడ వేలు పెట్టండి."

పెట్టాను. యంత్రంలో ఎర్ర దీపం వెలిగింది. పది వేళ్లూ పెట్టించింది. ఆల్చిప్పలు ఒలిచేవాళ్ల వేళ్లకు గీతలు మిగలవని ఈ ఊళ్లో ఎవరికి తెలియదు? వెనక నుంచి మిరాన్, "మా అక్కేనమ్మా, పూచీ నాది," అన్నది. ఆ మాట మీద అమ్మాయి దరఖాస్తు తీసుకున్నది గానీ, దిద్దిన ఫొటో నిబంధన ప్రకారం చెల్లదని దాన్ని తన దగ్గరే పక్కన పెట్టేసింది. నేను నేనేనని చెప్పడానికి కూడా దాని మొహమే కావలసి వచ్చింది.

4. ఒక సంగతి దాచకూడదు. మా అమ్మ ఇక్కడి వృద్ధుల ఆసుపత్రిలో ఉన్నది. జ్ఞాపకం చెదిరింది. వేకువ ప్రార్థన కాగానే రోజూ వెళ్లి గంజి తాగించేది నేను. నన్ను "ఆయా" అని పిలుస్తుంది. ఏడాదికి రెండుసార్లు వచ్చే మిరాన్‌ను "నా తల్లీ" అంటుంది. తమ కార్యాలయానికి వచ్చిన రోజు పొద్దున నా ఫొటో చూపించాను. "మా మిసుక్!" అని గుండెకు హత్తుకున్నది. ఆమె నోట నా పేరు విని రెండేళ్లయింది. "నేనేనమ్మా," అన్నాను. ఎగాదిగా చూసి, "చాల్లే ఆయా, నీ పని చూసుకో," అన్నది.

ఆ ఫొటో మీద ప్రభుత్వ ముద్ర, పక్కన నా పేరు ఉంటే, ఇదిగో సర్కారే చెబుతున్నది అని అమ్మకు చూపిద్దామనుకున్నాను.

కనుక (అ) నా ఫొటోను అంగీకరించాలి, లేదా (ఆ) మిరాన్ కార్డును రద్దు చేయాలి. రెండోది పాపమని తెలిసే రాస్తున్నాను. వారం రోజులుగా మోకాళ్ల మీద ఉండి ప్రార్థించాను. అసూయ పోలేదు.

ఈ నాలుగు మాటలూ ఓపికతో చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయురాలు,
తాక్ మిసుక్

తా.క.: (ఆ) కొట్టివేయగలరు. నిబంధన ప్రకారం దిద్దని ఫొటో జత చేశాను, కార్డు మీద అదే వేయండి. మొదటి ఫొటో మాత్రం పిన్ను గుచ్చకుండా తిరిగి ఇప్పించండి. కొత్తది తీసేటప్పుడు పార్క్ గారు కంప్యూటర్‌లో పాతదాన్ని చెరిపేశారు, ఇక అది తప్ప వేరే లేదు. "మా మిసుక్ ఏదీ?" అని అమ్మ రోజూ నన్నే అడుగుతున్నది. మిరాన్ ఫోన్‌లో, "నాది పంపిస్తాలే అక్కా, రెండూ ఒకటేగా, అమ్మకేం తెలుస్తుంది?" అన్నది. వద్దన్నాను. అమ్మకు నిజంగానే తెలియకపోతే నేను తట్టుకోలేను.