ఏసీ డిస్‌ప్లే వెలగలేదు

29 సెప్టెంబర్ 2011, గురువారం, కోరుట్ల

బియ్యం ఏరిన, దుప్పట్లు ఉతికిన, బిడ్డ దవాఖాన సంచి సర్దిన.

తెలంగాణ సమ్మెతోని బస్సులు బంద్. రేపు బిడ్డను కాన్పుకు కరీంనగర్ మా కారులోనే తీస్కపోవాలె. పొద్దున చూస్తే ఏసీ డిస్‌ప్లే మీద ఒక్క అంకె లేదు, గాలి రాదు. వానకు అద్దమంతా ఆవిరి పట్టి దారి కనబడదు. పోయిన వారం ఏసీ బాగుచేసిన ఖాదర్ భాయికి ఫోన్ చేసి నానా మాటలన్న.

ఆయన వచ్చి ఫ్యూజుల డబ్బా విప్పిండు. "అక్కా, ఫ్యూజు మాడింది. గీ వైరు ఎవరు గుంజిండ్రు?"

మా ఆయన తల వంచిండు. "నిన్న ర్యాలీల మైకుకు నేనే గుంజిన."

"తెలంగాణ ఎట్లయినా వస్తది బావా, ముందు మనవడిని రానియ్యి!" అన్నడు ఖాదర్ భాయి.

కొత్త ఫ్యూజు పెట్టంగనే అంకెలు వెలిగినయ్, అద్దం తేటపడ్డది. కానీ నొప్పులు ఈ రాత్రే మొదలైతే, గీ వానల చీకట్ల కరీంనగర్ దాకా ఎట్ల పోవుడో...

ఖాదర్ భాయికి చాయ్ ఇచ్చి, అన్న మాటలకు మాఫీ అడిగిన. ఆ బాకీ తీరింది.